బండి పెరిగిన సంగతి

టింకరింగ్ మేస్త్రికి ఏ బండినైనా ముందు కళ్ళు మూసుకుని చూడటం అలవాటు. సొట్ట పడిన రేకు మీద అరచేయి ఆనించి, పసిపిల్లకు జ్వరం చూస్తున్నట్టు మెల్లగా జరుపుకుంటూ పోతాడు. కంటికి ఒక్క సొట్ట కనబడిన చోట అతని చేతికి మూడు తగులుతాయి. ఈ విద్య తండ్రి దగ్గర అబ్బింది. తండ్రి రాగి బిందెలు కొట్టేవాడు. "గుండ్రం తప్పిందో లేదో కంటిని కాదురా, చేతిని అడుగు" అనేవాడు. బిందెలు కొనేవాళ్ళు తగ్గిపోయాక కొడుకు అదే సుత్తి పట్టుకుని కార్ల షెడ్డుకి వచ్చేశాడు.

తండ్రి నుంచి వచ్చిన అలవాటు మరొకటుంది. ఏదైనా వంపు నచ్చితే చాలు, అట్టముక్క ఆనించి గీత గీసి, కత్తిరించి అచ్చు తీసి పెట్టుకుంటాడు. దానివల్ల ఉపయోగం ఏమిటని ఎవరైనా అడిగితే "ఊరికే, తెలుసుకుందామని" అనేవాడు. షెడ్డు వెనక గోడకు మేకులు కొట్టి అచ్చులన్నీ వేలాడదీసేవాడు. గాలి వీస్తే అవి టపటపా కొట్టుకునేవి.

ఆ షెడ్డులో సగం అతనిది, సగం భార్యది. అతను రేకు సరిచేస్తే ఆమె రంగు వేస్తుంది. రంగు కలపడంలో ఆమెకు ఆమే సాటి. డబ్బా మూతలో నాలుగు చుక్కలు వేసి, పుల్లతో తిప్పి, బండి పక్కన పట్టుకుని తల వంచి చూస్తుంది. "ఇంకాస్త నలుపు అడుగుతోంది" అంటుంది, రంగు నిజంగానే నోరు తెరిచి అడిగినట్టు. ఆమె వేసిన చోటు ఏదో, కంపెనీ వేసిన చోటు ఏదో ఆ తర్వాత మేస్త్రికి కూడా తెలిసేది కాదు.

మేస్త్రికి ఇరవై ఏడేళ్ళప్పుడు ఆ బండి మొదటిసారి షెడ్డుకి వచ్చింది. ఓ తోపుడుబండి తగిలి ముందు తలుపు సొట్టపడింది. నడుపుకొచ్చినావిడ కంటి డాక్టరు. అప్పుడప్పుడే ఆసుపత్రి పెట్టుకుంది. తొలి సంపాదనతో కొన్న కారేమో, సొట్ట చూసినప్పుడల్లా తనకే దెబ్బ తగిలినట్టు మొహం పెట్టేది.

మేస్త్రి మాత్రం సొట్ట సంగతి మరిచిపోయి బండి చుట్టూ తిరిగాడు. ఖరీదైన కార్లంటే అతను చూసినవన్నీ ఏనుగుల్లాంటివి. ఇది పొట్టిగా, పెట్టెలా, గీత గీసినట్టున్న అంచులతో ఉంది. తలుపు తీస్తే లోపల మెత్తటి తోలు, కర్ర పలక, బుగ్గల్లాంటి సీట్లు.

"ఇంత చిన్న బండిలో ఇంత దర్జా ఎందుకు పెట్టారంటారు?" అని డాక్టరమ్మనే అడిగాడు.

"నాలాంటి వాళ్ళ కోసం. వీధి చూస్తే ఇరుకు, మనసు చూస్తే విశాలం" అని నవ్విందావిడ.

మేస్త్రి భార్య అద్దంలోంచి లోపలికి తొంగిచూసి, "చిన్నదొరసానిలా ఉందండీ" అంది. ఆ రోజునుంచి షెడ్డులో దాని పేరు చిన్నదొరసానే. కంపెనీ పెట్టిన పేరు వెనక డిక్కీ మీద మెరుస్తూనే ఉండేది గాని, దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. తలుపు సరిచేసి ఇచ్చే ముందు మేస్త్రి ముందు బంపరు మీద ఒకటి, పక్కవంపుకి ఒకటి అచ్చులు తీసుకున్నాడు.

తొమ్మిదేళ్ళ తర్వాత డాక్టరమ్మ ఆ బండి అమ్మేసి, అదే కంపెనీ, అదే పేరున్న కొత్తది, ముదురు ఎరుపుది కొంది. కొన్న నెలకే షెడ్డుకి తెచ్చింది. కుడివైపు, వెనక చక్రం పైన గీరుకుపోయి ఉంది.

"మా ఇంటి కారు షెడ్డులోంచి వెనక్కి తీస్తుంటే స్తంభం తగిలింది. నాదే పొరపాటు" అంది.

మేస్త్రి బండి మీద చెయ్యి వేశాడు. మూలలన్నీ వాడిన సబ్బుబిళ్ళలా అరిగిపోయాయి. ఎక్కడా కోణమన్నది లేదు. 'పేరు అదే, మనిషి వేరు' అనుకున్నాడు. ముందు బంపరుకి, పక్కవంపుకి అచ్చులు తీసి, పక్కవంపుది పాత అచ్చు మీద పెట్టి చూశాడు. ఎక్కడా కలవలేదు. ఒంపులు మారితే మారాయి, కొత్తది పాతదానికంటే బయటికి పొడుచుకొచ్చింది. ఎందుకో అర్థం కాలేదు. రెంటినీ పక్కపక్కన మేకులకు తగిలించాడు.

ఇంకో ఎనిమిదేళ్ళకు మూడోది వచ్చింది, నీలం రంగుది. ఈసారి సబ్బు పోయి మళ్ళీ కత్తి వచ్చింది. పక్కల పొడవునా ఇస్త్రీ మడతలాంటి గీత, చిట్లించిన కళ్ళలాంటి దీపాలు. ఆ ఇస్త్రీ మడత మీదే, కుడివైపు వెనక, పెద్ద సొట్ట. సరిచేసి, ఎప్పటిలాగే అచ్చులు తీసుకుని పంపిస్తే నాలుగు నెలలకు మళ్ళీ అదే చోట. సంవత్సరం తిరక్కుండా మూడోసారి.

మూడోసారి వచ్చినప్పుడు డాక్టరమ్మ నవ్వలేదు. తాళం చెవి చేతికిచ్చి స్టూలు మీద కూర్చుంది.

"మేస్త్రీ, ఇక నేను బండి నడపను. మా ఆయనే నడుపుతారు."

"ఏమైందమ్మా?"

"ఏమవుతుంది? కంటి డాక్టరుకి స్తంభం కనబడటం లేదని మా ఆయన కనబడ్డవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తున్నారు. ఆయనకేం, వేళాకోళం." గొంతు తగ్గించింది. "నాకే అనుమానం పట్టుకుంది. పక్కచూపు తగ్గిందేమోనని పరీక్ష చేయించుకున్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. అన్నీ సరిగ్గానే ఉన్నాయంటున్నారు. కానీ బండి మాత్రం గీసుకుంటూనే ఉంది కదా! ఆరు నెలలుగా కష్టమైన ఆపరేషన్లు నా కింద డాక్టరుకే అప్పగిస్తున్నాను. వెంట్రుకవాసి తేడా వస్తే ఒక మనిషి చూపు పోతుంది, మేస్త్రీ. నా మీద నాకే నమ్మకం లేనప్పుడు కత్తి ఎలా పట్టుకోను?"

మేస్త్రి భార్య రంగుపుల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడ వెళ్ళిపోయాక మేస్త్రి సొట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు కదపలేదు. అడ్డదిడ్డంగా నడిపేవాళ్ళ బండ్లు అతనికి కొత్త కాదు. వాళ్ళ సొట్టలు నాలుగు వైపులా ఉంటాయి. ఈవిడవి అన్నీ ఒక్కచోటే, ఒక్క ఎత్తులోనే, వేలెడు తేడా లేకుండా. చూపు తగ్గినవాళ్ళు ఇంత కచ్చితంగా తప్పు చేస్తారా?

ఉండబట్టలేక గోడ దగ్గరికి వెళ్ళి మూడు తరాల అచ్చులూ దించాడు. పక్కలవి కాదు, ముందు బంపరువి. నేల మీద పరిచి, ఎడమ అంచులు కలిపి ఒకదానిమీద ఒకటి పేర్చాడు. కుడివైపు మెట్లు మెట్లుగా వచ్చాయి. మొదటిదాన్ని రెండోది రెండు వేళ్ళ వెడల్పు దాటింది. రెండోదాన్ని మూడోది మరో మూడు వేళ్ళు దాటింది.

"ఇలా రావే, ఒకసారి" అని భార్యని కేకేశాడు. "ఇది చూడు. మన చిన్నదొరసాని చిన్నది కానే కాదు."

ఆమె వంగి చూసి, "పిల్లలు పెరిగినట్టు పెరిగిందేమిటండీ ఇది!" అంది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ టేపు పట్టుకుని డాక్టరమ్మ ఇంటికి వెళ్ళారు. తలుపు తీసిన ఆవిడ భర్త, "బండి తెచ్చారా?" అని అడిగాడు. "లేదండీ, మీ కారు షెడ్డు చూద్దామని వచ్చాం" అన్నాడు మేస్త్రి. ఆయన విచిత్రంగా చూసి దారిచ్చాడు. ఆయన వెనకే డాక్టరమ్మ కూడా వచ్చి మెట్ల మీద నిలబడింది.

షెడ్డుకి ఎడమవైపు ప్రహరీగోడ, కుడివైపు సిమెంటు స్తంభం. మేస్త్రి రెంటికీ మధ్య కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. నేల మీద సుద్దముక్కతో మూడు గీతలు గీశాడు.

"ఈ షెడ్డు ఎప్పుడు కట్టించారమ్మా?"

"మొదటి బండి కొన్నప్పుడు. దానికి సరిపోయేట్టు కట్టమని నేనే చెప్పాను."

"అదీ సంగతి. మీ మొదటి బండికి రెండు వైపులా ఇంతింత చోటుండేది" అని బెత్తెడు చూపించాడు. "రెండోదానికి అందులో కొంత పోయింది. మూడోదానికి మిగిలింది ఇంతే. పైగా ఇది పొడవు కూడా పెరిగింది. గేటు వైపు తిప్పాలంటే వెనక భాగం స్తంభం మీదికి పోక తప్పదు. అద్దాలు ముడిచినా అంతే. దీన్ని ఇందులోంచి గీసుకోకుండా తీసేవాళ్ళు లేరు."

"అంటే..."

"అంటే మీరేం మారలేదమ్మా. బండి పెరిగింది. పేరు మార్చకుండా పెరిగింది కాబట్టి ఎవరికీ తెలియలేదు."

డాక్టరమ్మ భర్త ఒప్పుకోలేదు. "ఏమిటోయ్, నేను తియ్యనా?" అని గబగబా వెళ్ళి, తమ బండి బాగయ్యేదాకా వాడుకోవడానికి తెచ్చి వీధిలో పెట్టిన అద్దెకారు ఎక్కి షెడ్డులోకి పోనిచ్చాడు. అదీ అదే రకం, మూడో తరందే. చాలా జాగ్రత్తగా, మెడ తిప్పి తిప్పి చూసుకుంటూ వెనక్కి తీశాడు. స్తంభం దగ్గర కీచుమంది. ఆయన కారు ఆపి, దిగకుండా లోపలే కూర్చున్నాడు.

ఈలోగా మేస్త్రి భార్య స్తంభం దగ్గర గొంతుక్కూర్చుని గోటితో గీకుతోంది. పైన నీలం, దాని కింద ముదురు ఎరుపు. ఆ ఎరుపుని పొడిచేసి అరచేతిలో వేసుకుని వెలుతురులోకి పట్టింది.

"ఇది రెండో బండికి నేను కలిపిన ఎరుపే" అంది ఆశ్చర్యంగా. "కంపెనీది ఇంకాస్త చల్లగా ఉంటుంది. బాగుచేసి పంపాక మళ్ళీ తగిలిందన్నమాట. అప్పుడు మాకు చెప్పలేదే?"

"సిగ్గేసి చెప్పలేదు" అంది డాక్టరమ్మ. అని, మెట్టు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఆరు నెలలు! ఒక స్తంభాన్ని చూసి ఆరు నెలలు భయపడ్డానా నేను!"

ఆ వారంలోనే స్తంభం కొట్టించేశారు. పై వారంనుంచి కష్టమైన కేసులు మళ్ళీ తనే చేస్తున్నానని ఆవిడ షెడ్డుకి ఫోన్ చేసి చెప్పింది. మేస్త్రికి ఫోన్లో మాట్లాడటం చాతకాదు. "మంచిదమ్మా, మంచిదమ్మా" అని నాలుగుసార్లు అని పెట్టేశాడు.

నాలుగో తరం బండి అతని యాభై ఆరో ఏట వచ్చింది. డాక్టరమ్మ ఇంటికి సున్నం వేసేవాళ్ళ నిచ్చెన జారి ముందు మడ్‌గార్డు మీద పడింది. ఇనుమో ప్లాస్టికో తేల్చుకునే అలవాటు ప్రకారం మేస్త్రి పనిముట్ల పెట్టెలోంచి అయస్కాంతం తీసి రేకుకి ఆనించాడు. అది అంటుకోకుండా జారి కాలిమీద పడింది.

"ఇనుము కాదిది!" అన్నాడు. కాలు నొప్పి కూడా తెలియలేదు.

అది అల్యూమినియం. కంపెనీవాళ్ళు సరిచేయడం కుదరదు, మొత్తం మార్చాలన్నారట. ఎందుకు కుదరదో అతనికి తెలుసుకోవాలనిపించింది. పాత సామాన్ల కొట్టులోంచి పనికిరాని అల్యూమినియం బానెట్ ఒకటి తెచ్చుకుని రెండు నెలలు దానితో కుస్తీ పట్టాడు. ఇనుప రేకుకి తన పాత ఆకారం గుర్తుంటుంది, కాస్త బతిమాలితే వెనక్కి వస్తుంది. దీనికి ఆ గుర్తు లేదు. గట్టిగా కొడితే సాగిపోతుంది, ఎక్కువ వేడిచేస్తే రంగు మారకుండానే కరిగి కూర్చుంటుంది. బానెట్‌కి ఏడుచోట్ల చిల్లులు పడ్డాక కిటుకు దొరికింది. సన్నని వేడి, కర్రసుత్తి, చిన్న చిన్న దెబ్బలు. బిందెలు కొట్టే పద్ధతికి దగ్గరగా ఉందని తెలిసినప్పుడు పొద్దుటి టీ చల్లారిపోయినా తాగుతూ ఒక్కడే నవ్వుకున్నాడు.

డాక్టరమ్మ ఆ రెండు నెలలూ సొట్ట బండిలోనే తిరిగింది. చివరికి మడ్‌గార్డు సరిగ్గా వచ్చింది. భార్య ముత్యంలా మెరిసే తెలుపు కలిపి వేసింది. బండి తీసుకోవడానికి వచ్చిన డాక్టరమ్మ మడ్‌గార్డు మీద చేయి వేసి మెచ్చుకుంది. తర్వాత దాన్నీ పక్కనున్న తలుపునీ మార్చి మార్చి చూసింది. మడ్‌గార్డు లేత పసుపు తిరిగి ఉంది. ఆవిడ బండినుంచి చూపు తిప్పి మేస్త్రి భార్య వైపు చూసింది.

"ఏమ్మా, ఈ రెండూ నీకు ఒకేలా కనబడుతున్నాయా?"

"ఒకటే కదమ్మా" అంది ఆమె. అని, డాక్టరమ్మ మొహం చూసి తడబడింది. "కాదా?"

మేస్త్రి నేల చూపులు చూశాడు. అతనికి వారం కిందే తెలుసు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ తప్పని మనిషికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

డాక్టరమ్మ ఆమెని గుమ్మంలోకి తీసుకెళ్ళి, వెలుతురు వైపు తిప్పి కళ్ళలోకి చూసింది. "నీ చేతిలో తప్పేం లేదు. కళ్ళలో పొర వస్తోంది. దానివల్ల లోకమంతా పసుపు గాజులోంచి చూసినట్టుంటుంది. మెల్లగా వస్తుంది కాబట్టి తెలియదు. తీసేస్తే పోతుంది."

"మీరే తీస్తారా అమ్మా?"

"ఇంకెవరు తీస్తారు? నేను బాగానే చూస్తున్నానని కొలిచి మరీ చెప్పింది మీరే కదా!"

మొదటి కన్ను పూర్తయి కట్టు విప్పిన రోజు ఆమె ఆసుపత్రి గోడని, దుప్పటిని, భర్త చొక్కాని కొత్తగా చూసింది. "ఈ చొక్కా నీలమా! ఇన్నాళ్ళూ బూడిదరంగనుకుని ఉతికానండీ" అంది. ఆ కన్ను మూసి ఈ కన్నుతో, ఈ కన్ను మూసి ఆ కన్నుతో చూస్తూ దారిపొడవునా రంగుల పేర్లు చెప్పుకుంటూ వచ్చింది. రెండో కన్ను కూడా అయ్యాక ఆమె చేసిన మొదటి పని ఆ మడ్‌గార్డు గీకి మళ్ళీ రంగు వేయడం. అంతకుముందు ఏడాది రంగు వేసిన బండ్లన్నీ గుర్తు తెచ్చుకుని, వాటి యజమానులకు ఒక్కొక్కరికీ కబురు పెట్టింది. పదకొండు మంది వచ్చారు. ఇద్దరు మాత్రం పాత పసుపే బాగుందని వెళ్ళిపోయారు.

పోయిన ఏడాది చిన్నదొరసాని అయిదో తరం వచ్చింది. ఇది కరెంటుది. వస్తున్నట్టు చప్పుడు కూడా లేదు. డాక్టరమ్మ భర్తే నడుపుకుని వచ్చాడు, ఆవిడ పక్కన కూర్చుంది. బండికి సొట్ట ఏమీ లేదు. ఊరికే చూపిద్దామని తెచ్చారు.

మేస్త్రి ముందున్న బానెట్ ఎత్తమన్నాడు. ఇంజను ఉండాల్సిన చోట పెట్టె, పెట్టెలో ఒక గొడుగు. అతను గొడుగు తీసి పక్కన పెట్టి, ఆ ఖాళీలోకి భుజం దాకా చెయ్యి పెట్టి తడిమాడు.

"భోజనానికి వస్తారా, రారా?" అని లోపల్నుంచి భార్య కేకేసింది.

"వస్తున్నా. వీళ్ళిద్దరికి కూడా వడ్డించు" అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, అట్టముక్క కోసం చేయి చాపాడు.