సున్నం ఎందుకు ఉడుకుతుంది

సోమవారం పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాలు. మనవరాలు కెమిస్ట్రీ సప్లిమెంటరీ పరీక్షకని ఇల్లు దాటి పావుగంటైంది. ఈసారీ తప్పితే నర్సింగ్ సీటుకు ఇంకో ఏడాది ఆగాలి. ఆమె వదిలిపోయిన పుస్తకం ముందేసుకుని కూడబలుక్కుంటున్నాను. యాభై దాటాక నేర్చిన అక్షరాలు, పరుగెత్తవు.

ఒక వాక్యం దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాను. "బంధాలు తెగడానికి శక్తి కావాలి. బంధాలు ఏర్పడినప్పుడు శక్తి విడుదలవుతుంది."

నిన్న సాయంత్రం మనవరాలికి నేను దీన్నే ఉల్టా చెప్పాను. దమ్మపేట వైపు ముప్పై ఏళ్లు ఇళ్లకు సున్నం కొట్టినవాణ్ని. డ్రమ్ములో కాల్చిన సున్నపురాయి వేసి నీళ్లు పోస్తే పెటపెట పగిలి కుతకుత ఉడుకుతుంది. "పగిల్తెనే వేడొస్తది, నాకు తెల్వదా?" అని దబాయించాను. రాయి నీళ్లతో కలవడం వల్ల వేడి పుడుతుందని, పగలడం ఆ తర్వాతి సంగతని ఇప్పుడు తట్టింది. తప్పు నాది. పేపరు మీద రాసేది ఆమె.

పుస్తకం చంకలో పెట్టుకుని ఖానాపురం హవేలి రోడ్డెక్కాను. షేర్ ఆటో నిండేదాకా కదలదు.

"జల్దీ పోనియ్యి తమ్మీ!"

"ఏంది తాతా, పరీక్ష నీకా?" అన్నాడు డ్రైవర్.

"అవ్, నాకే."

నా మొహం చూసి ఏమనుకున్నాడో, నన్నొక్కణ్నే ఎక్కించుకుని తీశాడు. సీటు అంచునే కూర్చున్నాను.

మనవరాలు కాలేజీ గేటు దగ్గర హాల్‌టికెట్ చూపిస్తోంది.

"తాతా! ఇంట్ల ఏమన్న అయ్యిందా?"

"నిన్న నేను చెప్పింది తప్పు. తెంపేటప్పుడు శక్తి పెట్టాలె, కలిసేటప్పుడు బయటికొస్తది."

"నిన్న గట్ల, ఇయ్యాల గిట్లనా? ఏది నమ్మాలె?"

"నన్ను నమ్మకు." పుస్తకం తెరిచి ఆ వాక్యం బిగ్గరగా, ఒక్కో అక్షరం పట్టుకుని చదివాను. వెనక ఇద్దరు ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. నవ్వనీ.

"పెద్దాయనా, పుస్తకం లోపటికి పోనియ్యం," అన్నాడు వాచ్‌మన్.

"నేను పోను, ఆమె పోతది. నిన్నటి హైడ్రోజన్, క్లోరిన్ లెక్క చెప్పు బిడ్డా."

ఆమె కళ్లు మూసుకుంది. "తెంపేటందుకు 436, 242. కలిపితే 678 కిలోజౌళ్లు. తయారయ్యేది రెండు హైడ్రోజన్ క్లోరైడ్‌లు, ఒక్కోదానికి 431, రెండింటికి 862. పెట్టిన దాంట్ల నుంచి వచ్చింది తీస్తే మైనస్ 184. మైనస్ అంటే వేడి బయటికొచ్చినట్టు."

"నిన్న?"

"నీ మాట విని ప్లస్ పెట్టిన."

"ఆ ప్లస్ నా నెత్తిన కొట్టు. పో!"

మూడు గంటలు గోడ పక్కనే తిరిగాను. మనవరాలు బయటికొచ్చి, ఆ లెక్క రాలేదంది. మీథేన్ మండేది వచ్చిందట. తెగేవన్నీ కూడి, ఏర్పడేవన్నీ తీసేసిందట. మైనస్సే వచ్చిందట. ఫలితం ఇంకా రాలేదు. నిద్ర సరిగా పట్టడం లేదు.

ఆ పొద్దున గేటు దగ్గర ఆ పాఠం విన్నవాళ్లం: నేను, నా మనవరాలు, నవ్విన ఆ ఇద్దరు ఆడపిల్లలు, వాచ్‌మన్, లెక్క తేలేదాకా ఆటో కదిలించని డ్రైవర్.