పదకొండో నంబరు వీపు

మా పాప వాళ్ల నాన్నను వీపు చూసి గుర్తుపట్టడం నేర్చుకుంది. బాస్కెట్‌బాల్ హాల్లో పై వరుసలో కూర్చుంటే ముఖాలు సరిగా కనిపించవు. చొక్కా మీద పదకొండు మాత్రం ఎంత దూరానికైనా కనిపిస్తుంది, రెండు నిలువు గీతలు. అక్షరాలు రాకముందే పాపకు ఆ గీతలు వచ్చు. ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో గీసి, “నాన్న” అని నాకు చూపించేది.

ఆయన నాకు మేనబావ. కడపలో కాలేజీ జట్టుకు ఆడే రోజుల నుంచీ ఆయన ఆట చూస్తున్నాను. తర్వాత దేశం తరఫున ఆడాడు, దోహాలో ఒక క్లబ్బు పిలిచింది, పాప ఇక్కడే పుట్టింది. ఈ వేసవిలో ఆయనకు ముప్పై ఆరు నిండాయి, ఒప్పందమూ ముగిసింది. అయితే అందులో ఇంకో ఏడాదికి ఆప్షన్ ఉంది. కావాలనుకుంటే క్లబ్బు ఆయన్ని అవే షరతుల మీద ఉంచుకోవచ్చు. ఉంచుకోవడం, మానడం పూర్తిగా వాళ్లిష్టం. వద్దంటే ఆయన ఎవరి దగ్గరికైనా వెళ్లవచ్చు. దాన్ని ఫ్రీ ఏజెంట్ అంటారని, అదీ మంచిదేనని ఏజెంటు ఫోన్లో ఉత్సాహంగా చెప్పేవాడు. పక్క దేశం క్లబ్బు ఒకటి ఒక్క సీజన్‌కు అడుగుతోందట. అక్కడ ఆటగాళ్లందరికీ కలిపి ఒకే బస, కుటుంబానికి వీసా ఇవ్వరు.

క్లబ్బు ఉంచుకుంటే ముగ్గురం దోహాలోనే, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని ఈ రెండు గదుల్లో ఉంటాం. లేకపోతే ఆయన అక్కడ, మేమిద్దరం కడపలో మా అమ్మ దగ్గర.

నేను మామూలుగానే భయపడే మనిషిని. పాప ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటే నిద్రపోను. క్లబ్బు మాట కోసం ఎదురుచూసిన ఆ వారాల్లో ఆయన మెట్లెక్కుతుంటే కుడి మోకాలి మీదే నా కళ్లుండేవి, కుంటుతున్నాడేమో, ఇంకెవరైనా చూశారేమో అని.

అప్పుడు క్లబ్బు మేనేజరు ఫోన్ చేశాడు. గురువారం సాయంత్రం కుటుంబంతో హాలుకు రమ్మన్నాడు. మా ప్రాణాలు లేచొచ్చాయి. ఒప్పందం పొడిగించిన ప్రతిసారీ అలాగే పిలిచేవాళ్లు. గహ్వా అనే అరబ్బు కాఫీ, ఖర్జూరాలు పెట్టి, కొత్త చొక్కా ఆయన చేతికిచ్చి, మమ్మల్ని పక్కన నిలబెట్టి ఫొటో తీసేవాళ్లు. కిందటి ఫొటోలో పాప నా భుజం మీద నిద్రపోతోంది. ఈసారైనా కళ్లు తెరిచి ఉంటుందా అని బావ నవ్వాడు. ఏజెంటుకు ఆగమని చెప్పాడు. నేను పాప పసుపు గౌను ఇస్త్రీ చేశాను.

హాలు గేటు దగ్గర క్లబ్బు బస్సు నడిపే కరీంనగర్ అన్న ఉన్నాడు. పాప కనిపిస్తే, “ఏం బిడ్డా, మీ పదకొండు నంబరాయన ఇంట్ల అన్నం తింటుండా, బాలు తింటుండా?” అని ఆటపట్టిస్తాడు. ఆ రోజు మమ్మల్ని చూసి కూడా బస్సు అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. పాపే వెళ్లి పలకరించింది.

“లోపలికి పో బిడ్డా, ఎండున్నది,” అన్నాడంతే.

డ్యూటీ చేసి అలిసిపోయాడనుకున్నాను.

లోపల ప్రాక్టీసు జరుగుతోంది. బావ మేనేజరు గదిలోకి వెళ్లాడు. నేను చెప్పులు విడుస్తుంటే పాప చేయి విడిపించుకుని పరుగెత్తింది. కోర్టు గీత పక్కన ఒక పొడుగాటి మనిషి మాకు వీపు చూపించి నీళ్లు తాగుతున్నాడు. వీపు మీద పదకొండు. పాప వెనక నుంచి అతని కాళ్లు వాటేసుకుని “నాన్నా” అంది.

అతను తిరిగి చూశాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో, మీసం కూడా సరిగా రాలేదు. పాప ముఖమెత్తి చూసింది. ఏడవలేదు. చేతులు మాత్రం వదల్లేదు, వదలాలో లేదో తెలియనట్టు.

జట్టులో విదేశీయులకు ఉండే చోట్లు ఒకటో రెండో. బావ చోటు ఎవరికిచ్చారో నాకిక ఎవరూ చెప్పక్కర్లేదు.

బావ గది నుంచి వచ్చాడు. చేతిలో వెల్వెట్ పెట్టెలో ఒక వీడ్కోలు షీల్డు. ఆ కుర్రాడికి సంగతి అర్థమై, వేరే నంబరు అడుగుతానని ఇంగ్లీషులో తడబడ్డాడు. బావ అతని భుజం తట్టి, ఉంచుకోమన్నాడు. తర్వాత వంగి పాప వేళ్లు ఒక్కొక్కటిగా విడదీశాడు.

“ఇటు రామ్మా. నేను ఈడుండా.”

టాక్సీలో పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ఫోన్లోనే చెప్పి ఉంటే వాళ్లదేం పోయేదని బావను అడిగాను.

“ఫోన్లో చెప్తే అవమానమంట మే. ఇంటోళ్లని పిల్చి, గహ్వా పోసి సాగనంపితే మర్యాదంట,” అన్నాడు. వాళ్ల మీద కోపం కూడా లేదు ఆ గొంతులో.

“ఇంకా ఆడాలనుందా బావా?”

కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఇంగొక్క ఏడు,” అన్నాడు.

వద్దు, ఇంటికి పోదాం, ఏదో ఒక స్కూల్లో పిల్లలకు ఆట నేర్పించుకుందువు అని గొంతు దాకా వచ్చింది. ఆయన చేయి మోకాలి మీద ఉంది, ఎవరి పిల్లనో బుజ్జగిస్తున్నట్టు నిమురుతోంది.

“పో బావా,” అన్నాను.

ఇంటికి రాగానే ఏజెంటుకు ఫోన్ చేశాడు. వచ్చే వారం ఆయన ప్రయాణం. ఆ తర్వాత మాది. పాప పడుకున్నాక బట్టలు సర్దుతూ మధ్యలో ఇది రాస్తున్నాను.

ఇప్పుడు పాప ఎవరినీ వెనక నుంచి పిలవడం లేదు. ఈ పొద్దున బావ వంటింట్లో పాల గిన్నె కడుగుతుంటే గోడ పక్కగా నడిచి ఆయన ముందుకు వెళ్లి నిలబడింది. తలెత్తి ముఖం చూసింది. చూసి, సరేననుకున్నాకే, “నాన్నా” అంది.