ఒక్కతే తాగాల్సిన నీళ్ళు

గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో వెంకటేశ్వరమ్మ మిరపకాయల తొడిమలు తీస్తుంది. మధ్యాహ్నం క్యారేజీ విప్పిందంటే ముందు పక్కనున్న కరీమున్‌కి రెండు ముద్దలు, ఆ పక్కావిడకి మూడు. "పెట్టే చెయ్యంటే నీదే తల్లీ!" అని షెడ్డంతా మెచ్చుకునేది.

ఏం మెచ్చుకోలో! పెట్టే గుణం ఆవిడకి పుట్టుకతోనే ఉంది, కాదనను. కానీ ఈ ఏడాదిగా పెడుతున్నది తినలేక. నాలుగు ముద్దలు దిగిన గంటకి బొడ్డు పక్కన మెలిపెట్టేసేది, కడుపు గుడగుడలాడి ఉబ్బేది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగింది, సబ్జాగింజలు నానబెట్టుకుంది. ఇంట్లో తన వాటా కూడా మొగుడు అంకమ్మరావు కంచంలోకి తోసేసి, "పొలంలో ఒళ్ళు హూనం చేసుకుంటున్నావు, తినయ్యా" అనేది. ఆ మహానుభావుడు తినేవాడు. నెప్పి సంగతి చెబితే ఆసుపత్రి అంటారు, అక్కడ కోస్తామంటారు. కోత మాట తలుచుకుంటేనే ఆవిడకి గుండె జారిపోయేది.

ఒకనాడు షెడ్డులో కళ్ళు తిరిగి పడిపోయాక జబ్బు ఇక దాగలేదు. పరీక్షల్లో క్రోన్స్ జబ్బని తేలింది.

"పేగు లోపల వాచి పుళ్ళు పడే జబ్బమ్మా. మిరపకాయల వల్ల వచ్చింది కాదు" అంది డాక్టర్ గీతాంజలి. "చిన్నపేగు ఎక్కడో ఇరుకైందని నా అనుమానం. వాపు వల్లయితే మందులకి లొంగుతుంది. మచ్చకట్టి బిగుసుకుపోతే ఆపరేషన్ కావచ్చు. ఎమ్మారై తీసి చూద్దాం."

స్కాన్ రోజు నర్సు లీటరున్నర తియ్యటి నీళ్ళిచ్చి, గంటలో మొత్తం తాగాలంది. అవి పేగులో నిండితేనే ఇరుకు తెలుస్తుందట. ఒక్కతే తాగాలని మాత్రం చెప్పలేదు. పాపం, ఎవరు చెబుతారండీ అలాంటి మాట? పక్కన అంకమ్మరావు, పరగడుపునున్న పెళ్ళానికి తోడుగా కాఫీచుక్క లేకుండా కూర్చున్నాడాయె.

"నీ ఎదురుగా నేనొక్కదాన్నే ఎట్టా తాగేదయ్యా? సగం పట్టు."

"నాకెందుకే?"

"తియ్యగానే ఉన్నాయిలే."

పట్టించాడు. ఆవిడ స్కాన్ గదిలో ఉండగా ఈయన నాలుగుసార్లు బాత్‌రూముకి పరిగెత్తాడు.

"పేగు చాలాచోట్ల నిండలేదమ్మా" అంది డాక్టరు తెర చూస్తూ. "ఖాళీగా ముడుచుకున్నదేదో, జబ్బుతో ఇరుకైనదేదో చెప్పలేను. నీళ్ళు మొత్తం తాగావా?"

లుంగీ సర్దుకుంటూ అప్పుడే వచ్చిన అంకమ్మరావు అందుకున్నాడు. "తాగామండీ! ఇద్దరం."

డాక్టరు కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. "ఇంట్లో కూడా ఇంతేనా? ఉన్నదంతా పంచేస్తావా?"

వెంకటేశ్వరమ్మకి ఇక అబద్ధం నోట రాలేదు. "పంచింది ప్రేమతో కాదండీ. తింటే నెప్పని. ఏడాదైంది."

అంకమ్మరావు పెళ్ళాం వైపు తిరిగాడు. "అయితే ఏడాదిగా నేను మెక్కింది నీ అన్నమా? ఒక్కమాట చెప్పొచ్చు గదే!"

"చెబితే కోస్తారు గదయ్యా."

వారం తర్వాత మళ్ళీ స్కాన్. ఈసారి అంకమ్మరావు చేతులు కట్టుకుని ఎదురుగా కాపలా కూర్చున్నాడు. సగానికి కడుపు బరువెక్కి ఆవిడ మొహం చిట్లించింది. "ఇంకొక్క గుక్కే. నేను ముట్టను, ఒట్టు" అన్నాడు. చివరి చుక్కదాకా ఒక్కతే తాగింది.

"మూడంగుళాల మేర ఇరుకైంది. దానికి పైన పేగు కాస్త ఉబ్బింది" అంది డాక్టరు. "కానీ చాలావరకు వాపే. ఇప్పటికి ఆపరేషన్ వద్దు. మందులు వాడి, మళ్ళీ చూద్దాం."

రెండు నెలలు ఇంజక్షన్లు, మెత్తటి తిండి. ఒక ఆదివారం మధ్యాహ్నం అంకమ్మరావే పప్పన్నం మెత్తగా కలిపి పెట్టాడు. ఆవిడ తిని, గోడకి చేరగిలబడి, బొడ్డు మీద చెయ్యేసుకుని కూర్చుంది. ఇద్దరూ గడియారం వంకే చూస్తున్నారు. గంట దాటింది. గంటన్నరైంది.

"నెప్పా?" అన్నాడు అంకమ్మరావు, భయంభయంగా.

"కాదయ్యా. ఆకలి. ఇంకో రెండు ముద్దలు కలుపు."