తొందరపడి తవ్విన గుంత

మా పంతులుగారు పోయారని మిర్యాలగూడకు కబురు తెచ్చిన మనిషిని నేను రెండుసార్లు అడిగాను: "పంతులుగారా, అమ్మగారా?" రొమ్ములో రాచపుండుతో రెండేళ్లుగా తీసుకుంటున్నది ఆయన భార్య. "పంతులే. మూడు దినాలు జరమొచ్చింది, ఖతం," అన్నాడతను. నమ్మలేదు. బస్సెక్కి సూర్యాపేట వెళ్లి, చల్లబడిన ఆ పాదాలు పట్టుకున్నాకే నమ్మాను. చావు కబురును చెవులతో నమ్మి నేనొకసారి చేసిన పని అలాంటిది.

ఆయన దగ్గరే నేను అక్షరాలు దిద్దుకున్నాను. భుజం మీది తువ్వాలతో బోర్డు తుడిచి, దాంతోనే ముఖం తుడుచుకునేవారు. సాయంత్రానికి మీసాల నిండా సుద్ద. మేం నవ్వితే, "నవ్వుండ్రి, ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు నేను నవ్వుత," అనేవారు. పాదిరిగారు రాని ఆదివారాల్లో ప్రార్థన చేయించేదీ ఆయనే. అమ్మగారికి జబ్బని తెలిశాక ఆ హాస్యం పోయింది. నెలనెలా ఆమెను హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయి పుండు మాడ్చే కరెంటు పెట్టించుకొచ్చేవారు. రజాకార్ల రోజుల్లోనూ, తర్వాత మిలిటరీ వాళ్లు బస్సులు ఆపి సోదాలు చేస్తున్నప్పుడూ ఒక్క నెల మానలేదు. ఆమెకెలా ఉందని ఎవరడిగినా ఒకటే జవాబు: "ఇయ్యాల ఉన్నది."

పోయినేడు ఈస్టరుకు నేను ఇంటికి వచ్చి ఉన్నాను. ముందురోజు శనివారం, కోదాడ పోయే లారీ డ్రైవరొకడు మా వాడలో ఆగి చెప్పాడు: "పట్నంల మీ పంతులు పెండ్లాన్ని దుప్పట్ల సుట్టి బస్సెక్కిస్తుండ్రు. పాణం పోయినట్టే ఉన్నది." ఆ ఎండల్లో శవం ఆగదు. నేనే ముందుపడి, మరో ముగ్గుర్ని పిలిచి, గడ్డపార పట్టాను. ఎండిన నేల. అరచేతులు బొబ్బలెక్కాయి. గుంత పూర్తయ్యాక, పొద్దుగూకే వేళకు బస్సొచ్చింది. దుప్పటి తొలగించుకుని అమ్మగారు, "జర మంచినీళ్లియ్యి బిడ్డా," అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే వెళ్లి పంతులుగారికి అంతా చెప్పుకుని, చెంపలు వాయిస్తారని ఎదురుచూశాను. ఆయన చెయ్యెత్తలేదు.

"తొవ్వ పొడుగునా ముక్కు కాడ వేలు పెట్టి సూసుకుంట వచ్చినరా. నాకే నమ్మకం లేకుండె. నిన్నేమనాలె?"

తవ్విన గుంత ఖాళీగా ఉంటే ఎవరినో ఒకరిని అడుగుతుందని మా వైపు భయం. అప్పటికప్పుడు పూడ్చేయమన్నారు పెద్దలు. పంతులుగారు వద్దన్నారు. ఈస్టరు పొద్దున అమ్మగారిని మంచంతో సహా మోయించుకొచ్చి, మమ్మల్నందర్నీ ఆ గుంత చుట్టూ నిలబెట్టారు. ప్రభువు సమాధి ఖాళీగా దొరికిన కథ చదివే రోజది. బైబిలు తెరవలేదు.

"ఈ యేడు నేను చెప్పేదేం లేదు. అందరు ఒంగి సూడుండ్రి. ఖాళీగున్నది."

ఆపైన తువ్వాలతో ముఖం తుడుచుకున్నారు. ఒక్కొక్కరం ఒంగి చూశాం. అమ్మగారూ మంచం మీద నుంచి తొంగిచూసి, "గింత పొడుగెందుకు తవ్విన్రురా, నేనేమన్న తాటిచెట్టునా?" అన్నారు. ఏడుస్తూనే అందరం నవ్వాం. అప్పుడు పూడ్చాం. మరుసటి నెల ఆయన మళ్లీ ఆమెను బస్సెక్కించారు, భయపడుతూనే. ఆశ అంటే నాకు తెలిసింది అదే.

మొన్న ఆయన్ను మట్టి చేసేటప్పుడు, ఆనాటి గుంతే పంతుల్ని తీసుకుందని ఎవరో గొణిగారు. నాకు ఒళ్లు మండింది. మండినా, ఆ మాట ఇంకా నన్ను వదల్లేదు. తవ్వింది నేను కదా.

అమ్మగారి కుడిచేయి లేవదు. అది జబ్బు వైపు చేయి. ఎడమచేత్తో మట్టి వేశారు. ఇక ఆమె దవాఖానకు పోరనే అందరం అనుకున్నాం. తీసుకుపోయే మనిషే పోయాడు. రెండో పిడికెడు తీసుకుని, వేయకుండా నా వైపు తిరిగారు.

"సోమవారం దవాఖానకు పోవాలె. నువ్వొస్తవా బిడ్డా?"

వస్తానన్నాను. ఆమె ఆ మట్టిని పిడికిట్లో అలాగే పట్టుకుని నడిచారు. గడప దాటి, ఆయన మంచం మీద కూర్చున్నాక కూడా విప్పలేదు.