జాబితాలో లేని దగ్గు

బెంగళూరులోని ఒక క్షయ పరిశోధనశాల ఏటా కొద్దిమందికి ఏడాదిపాటు శిక్షణ ఇస్తుంది. ఖర్చంతా విదేశాల నుంచి వస్తుంది. బీద దేశాల్లోని అంటురోగాలను అక్కడివాళ్ళే పరిశోధించడం నేర్చుకోవాలని ఆ డబ్బు పంపేవాళ్ళ ఉద్దేశమట. హాస్టలు, భోజనం, పుస్తకాలు అన్నీ అందులోనే. మా నాయన హిందూపురం బెల్లం మండీలో గుమాస్తా. ఆ చోటు దొరక్కపోతే నా చదువు బి.ఎస్సీ.తో ఆగిపోతుంది. ఇంటర్వ్యూకు ముందు ఒక పరీక్ష ఉంది. పెనుకొండ డిస్పెన్సరీ ఇచ్చే జాబితాలోని పదిమంది దగ్గు రోగుల దగ్గర తెమడ స్వయంగా సేకరించి తీసుకురావాలి. వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టుకునే ఆడపిల్లలకు పనికొస్తుందని నా ప్రయాణం రాస్తున్నాను.

ఫిబ్రవరి నెలలో ఒక బుధవారం ఉదయం ఆరున్నరకు హిందూపురంలో బస్సెక్కాను. పెనుకొండకు టిక్కెట్టు రూపాయి పది నయా పైసలు. కండక్టరు రెండుసార్లు అడిగినా నా మాట అతనికి వినబడలేదు. "గట్టిగా చెప్పు పాపా, ఈ బస్సుకు చెవుడుండాది" అన్నాడు. వెనక సీట్ల వాళ్ళు నవ్వారు. ఎనిమిది దాటాక కొండ కింద దిగి డిస్పెన్సరీకి నడిచాను. బస్టాండు నుంచి పది నిమిషాలే.

అక్కడి కాంపౌండరు రజాక్ సాహెబు గడ్డి పరిచిన చెక్కపెట్టెలో పది వెడల్పు మూతి సీసాలు పెట్టి ఇచ్చాడు. జాబితా కూడా ఇచ్చాడు. అందులోని పదిమందీ ధర్మవరం నేతపనివాళ్ళే. "పొద్దున లేస్తానే, నోరు కడక్కముందే పట్టల్ల. జాబితాలో ఉండే పేరే రాయల్ల. మారిస్తే బెంగళూరోళ్ళు ఒప్పుకోరు" అన్నాడు. పెట్టె ఎత్తుకోబోతుంటే నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. "ఒక్కదానివే పోతాండావా తల్లీ?" అని తనే దాన్ని బస్టాండు దాకా మోసుకొచ్చాడు.

పది గంటల ధర్మవరం బస్సుకు రూపాయి పావలా. చెన్నేకొత్తపల్లిలో పావుగంట ఆగుతుంది; కాఫీ తాగాలంటే అక్కడే తాగండి. ధర్మవరంలో మస్తాన్ అనే అతని జట్కా అర్ధరూపాయికి మాట్లాడుకుని నాయన స్నేహితుని ఇంట్లో దిగాను. సాయంత్రం నేతవీధిలో ఇల్లిల్లూ తిరిగి సీసాలు ఇచ్చాను. మగవాళ్ళ ముందు తెమడ గురించి వివరంగా చెప్పడానికి సిగ్గేసి, కాగితం మీద రాసుకున్న నాలుగు వాక్యాలు గబగబా చదివేశాను. అందరూ తలలూపారు. తొమ్మిదిమంది దొరికారు. పదో మనిషి సుబ్బరాయుడు నల్లచెరువులో అత్తగారింటికి వెళ్ళాడట. ఆయన సీసా నా దగ్గరే మిగిలింది.

మర్నాడు ఆరు గంటలకే వెళ్ళాను. వీధి పొడవునా పడుగు చాపి, దారాలకు గంజి పెడుతున్నారు. నాగప్ప అనే ఆయన అరుగు మీద తొమ్మిది సీసాలూ వరసగా పెట్టి ఉన్నాయి. ఎత్తి వెలుతురులో చూశాను. అన్నిట్లోనూ నీళ్ళలాంటి ఉమ్మి, పైన నురగ. దాన్ని పరీక్షించి లాభం లేదు. కావలసింది గుండెల్లోంచి వచ్చే తెమడ.

"పండ్లు తోముకోని, నాలుగుతూర్లు పుక్కిలించి, శుబ్రంగా పట్టినాం పాపా" అన్నాడు నాగప్ప సంతోషంగా.

"దగ్గి, లోపలిది తీయాలి" అన్నాను.

ఆయన భార్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "గళ్ళ ఉమ్మి ఆడబిడ్డ చేతికిస్తారా యాడన్నా? మాకేం మర్యాద తెలీదనుకుంటివా?"

మగవాళ్ళు నేల చూస్తూ నిలబడ్డారు. పదింపావుకు రైలు. ఆ రోజు సాయంత్రంలోగా పెట్టె పరిశోధనశాలకు చేరకపోతే ఇంటర్వ్యూ లేదు. సీసాలు కడిగి వేడినీళ్ళు పోసి ఆరబెట్టించాను. ఇక చూపించడం తప్ప దారి లేదు. మా కాన్వెంటులో ప్రార్థన జరిగేటప్పుడు దగ్గు వస్తే చేతిరుమాలు అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా మింగాలి. నాకు వచ్చింది ఆ దగ్గే. నడివీధిలో నిలబడి దగ్గాను.

గడప మీద కూర్చున్న లింగమ్మ అవ్వ పకపకా నవ్వింది. నాగప్ప తల్లి ఆమె. "ఏందే అది? పిల్లికి పొలమారినట్ల దగ్గుతాండావు! ఇంకోతూరి కానీ!"

ఇంకోసారి దగ్గాను. "ఊహూ. ఇప్పుడు పిల్లిపిల్ల" అంది. వీధంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి, కానీ మగవాళ్ళు తలలెత్తారు. అవ్వ గోడ పట్టుకుని లేచింది. "ఇట్ల దగ్గల్ల. కడుపులోంచి రావల్ల!" అని ఒళ్ళంతా ఊగేలా దగ్గింది.

దాంతో అందరి బెరుకూ పోయింది. ఒక్కొక్కరే సీసా తీసుకుని గోడ చాటుకు వెళ్ళారు. వీధి దగ్గులతో మోగిపోయింది. అప్పుడే వచ్చిన మస్తాన్ జట్కా ఆపి, "ఏమబ్బా నాగప్పా, పొద్దున్నే ఇదేం కచేరీ?" అన్నాడు. ఎనిమిదిన్నరకు తొమ్మిది సీసాలూ సరిగ్గా నిండాయి.

కానీ అవ్వ దగ్గు ఆగలేదు. ఆమె గుడ్డలో ఉమ్మింది చూశాను. నేను వెతుకుతున్నది అదే.

"ఎన్నాళ్ళ నుంచి అవ్వా?"

"యాడాది అయింటాది. ముసలిదగ్గు గదా, దీనికోసరం పెనుకొండకు ఎవురు పోతారు? ఇదే పాపం, నా పక్కలో పండుకోని నిద్ర లేక సస్తాండాది" అని నాలుగేళ్ళ మనవరాలి తల నిమిరింది.

మిగిలిన సీసా మీద సుబ్బరాయుడి పేరు ఉంది. ఖాళీగా తీసుకెళ్తే, మనిషి ఊళ్ళో లేడని చెప్పుకోవచ్చు. పేరు మారిస్తే చెప్పిన మాట మీరినట్టే. చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఆయన పేరు కొట్టేసి, లింగమ్మ అని రాసి సీసా ఆమెకిచ్చాను.

"నాకెందుకే? జాబితాలో నా పేరుండాదా?" అంది అవ్వ.

"లేదు. ఉండాల్సింది."

రైలు మూడో తరగతికి నాలుగు రూపాయల చిల్లర. పెట్టె ఒళ్ళోనే పెట్టుకున్నాను. హిందూపురం స్టేషన్లో నాయన పెరుగన్నం తెచ్చాడు. "పదీ దొరికినాయా?" అని అడిగాడు. జరిగింది చెప్పాను. ఇంజను కూత వేసింది. బండి కదిలాక కిటికీ పక్కనే నడుస్తూ, "అడిగితే ఉన్నది ఉన్నట్ల చెప్పమ్మా. కొంచెం గట్టిగా చెప్పు" అన్నాడు. ఐదు గంటలకు బెంగళూరు చేరి, నేరుగా వెళ్ళి పెట్టె అప్పగించాను.

మర్నాడు ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. పుస్తకాల ప్రశ్నలు నాలుగైపోయాక ఒకాయన జాబితా తిప్పి, "పదో సీసా మీది పేరు ఇందులో లేదే" అన్నాడు. రాత్రంతా కూడగట్టుకున్న వాక్యాలన్నీ పోయాయి. "మనవరాలు ఆమె పక్కలోనే పడుకుంటుంది" అన్నాను. అదొక్కటే వచ్చింది. గట్టిగానే వచ్చింది. చివర కూర్చున్న డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి నా వైపు చూసి, ఏదో రాసుకుంది.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. నాకు చోటిచ్చారు. పదిమందిలో ఇద్దరికి క్షయ ఉందని తేలింది. వాళ్ళలో ఒకరు లింగమ్మ అవ్వ. పెనుకొండ నుంచి ఆమెకు ఉచితంగా మందు మొదలైంది. పాపను కూడా పరీక్షించారు, ఏమీ లేదు. అవ్వ రోజూ మందు మింగేటప్పుడు "పిల్లిపిల్ల పంపిన బిళ్ళలు" అంటుందని రజాక్ సాహెబు రాశాడు.

దూరదేశాల డబ్బుతో ఇక్కడేం నేర్పుతారని మా బంధువులు అడుగుతుంటారు. సూక్ష్మదర్శిని చూడటం నేర్పుతారు, నిజమే. కానీ దాని కిందకు ఎవరి తెమడ రావాలో బెంగళూరులో కూర్చుంటే తెలియదు. ఆ వీధి తెలిసినవాళ్ళు, ఆ భాషలో తిట్టించుకోగలవాళ్ళు ఆ పని నేర్చుకోవాలి. అలాంటివాళ్ళు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. ఏడాదిపాటు వాళ్ళ అన్నం ఖర్చు ఎవరైనా భరిస్తే చాలు. నేను ఈ జూన్‌లో చేరుతున్నాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: పెనుకొండలో పది సీసాలే ఇస్తారు. పదకొండోది అడిగి తీసుకోండి.