సైరన్ మోగితే షెల్ఫు పట్టుకోవాలె

గోదావరిఖనిలో ఓపెన్ కాస్టు గనికి దగ్గరి బస్తీలో పుట్టినవాడికి కొన్ని బాధ్యతలు పుట్టుకతోనే వస్తాయి. ఆగయ్య కొడుకు ప్రశాంత్‌కు వచ్చింది వంటింటి షెల్ఫు. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగుతుంది. ఆ వెనకే నేల ఒకసారి ఉలిక్కిపడుతుంది. ఈ రెంటి నడుమ వాడు ఉరికి, రెండు చేతులూ బార చాపి, పింగాణీ కప్పులు దొర్లిపడకుండా షెల్ఫుకు అడ్డంగా నిలబడాలి. ఆగయ్య గనిలో డంపరు లారీ నడిపే డ్యూటీలో ఉంటాడు, తల్లి పొయ్యి దగ్గర ఉంటుంది. కనుక ఈ పదవికి ఎన్నడూ పోటీ రాలేదు.

తక్కిన వేళల్లో వాడు డ్యాన్సు చేసేవాడు. గణపతి మండపాల ముందు మొదలైన ఆ విద్య చివరికి వాణ్ణి ఒక అంతర్జాతీయ యువ కళాబృందంలో చేర్చింది. పలు దేశాల పిల్లలు ఒకే బస్సులో ఊరూరా తిరుగుతారు. ఏ ఊరికి పోతే ఆ ఊరివాళ్ల ఇళ్లలోనే దిగుతారు, సాయంత్రం ప్రదర్శన ఇస్తారు. అందులో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు సొంతం. ఆ రెండు నిమిషాల్లో ఎవరి ఊరిని వారు చూపించాలి.

ఏ ఊరని అడిగిన మొదటి రోజున ప్రశాంత్ హైదరాబాద్ అన్నాడు. అది అబద్ధం కాదనీ, నిజాన్ని కొంచెం గుండ్రం చెయ్యడమనీ వాడి వాదం. బొగ్గు ఊరంటే వీళ్లేం అనుకుంటారోనని లోపల భయం. కానీ చెప్పిన ఊరిని ఆడి చూపించవలసి వచ్చింది. ఎప్పుడో పెళ్లికి పోయి, ఫంక్షన్ హాలు తప్ప మరేదీ చూడని ఆ మహానగరాన్ని వాడు సినిమా స్టెప్పులతో నింపేశాడు. బృందాన్ని నడిపే మరియానా నాలుగు ఊళ్లలో ఓపిక పట్టింది. అడుగులు బాగున్నాయి గానీ ఊరే కనబడటం లేదనీ, తర్వాతి మజిలీ చెక్ దేశంలోనూ ఇంతే అయితే ఆ రెండు నిమిషాలు ఇంకొకరికిచ్చి వాడికి తెర లాగే పని ఇస్తాననీ చెప్పింది. తెర లాగడం నామోషీ కాదు. కాకపోతే ఖని చౌరస్తాలో మిత్రులు కట్టిన ఫ్లెక్సీ మీద ‘అంతర్జాతీయ నృత్య కళాకారుడు’ అని ఉంది, దాన్ని ఇంకా ఎవరూ విప్పలేదు.

చెక్ దేశంలో వాడికి బస యానా అనే పెద్దావిడ ఇంట్లో. ఆమె ముందుగదిలో తలుపుల్లేని పొడవాటి అలమరా, దాని నిండా ఆమె అమ్మమ్మ నాటి గాజు గ్లాసులు. వాటిని ఆమె తప్ప మరొకరు ముట్టరు. ఆ దేశంలో నెలకోసారి, పనిచేస్తున్నాయో లేదో చూడటానికి సైరన్లు మోగిస్తారు. ఆ సంగతి ప్రశాంత్‌కు ఎవరూ చెప్పలేదు. వాడు సూప్ తాగుతుండగా మోగింది.

చెంచా సూపులో మునిగే లోపల వాడు అలమరా దగ్గరున్నాడు. చేతులు చాపి, ఛాతీ ఆనించి, కళ్లు మూసుకుని భూమి కదలడానికి ఎదురుచూశాడు. ఐరోపా భూమి కదల్లేదు. సైరన్ ఆగింది. వెనక్కి తిరిగితే యానా, ఆమె చేతిలో గరిటె.

వచ్చిన ఇంగ్లిషులో వాడు సంజాయిషీ ఇచ్చుకున్నాడు. మా ఊళ్లో సైరన్ అయ్యాక బొగ్గు కోసం నేలను పేలుస్తారు, గ్లాసులు పడతాయి అన్నాడు. హైదరాబాద్‌లోనా అని అడిగింది ఆమె. గుండ్రం చేసిన నిజం అక్కడ దొర్లిపోయింది. వాడు కాదన్నాడు. అసలు ఊరి పేరు చెప్పాడు. ఆమె నవ్వలేదు. ఒక గ్లాసు తీసి, అందులో వాడికి నీళ్లు పోసిచ్చింది.

సాయంత్రం తండ్రికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

“గాడ గూడ బ్లాస్టింగ్ ఉంటదా ర?”

“లేదు బాపు. ఉత్తగనే మోగించిండ్రు.”

“మరి నువ్వెందుకు ఉరికినవ్?”

“ఏమో బాపు. కాళ్లే ఉరికినయి.”

“నీ కాళ్లు ఇంక ఖనిల్నే ఉన్నయి పో. జర జల్ది వాటిని పిలుసుకో, ఆట ఉందంటివి.”

ఆగయ్య ఎగతాళికే అన్నాడు. కొడుక్కి మాత్రం అది చాలాసేపు నవ్వు తెప్పించలేదు. ఇన్నాళ్లూ హైదరాబాద్ ఆడినవి మరి ఎవరి కాళ్లు? తెల్లారి మరియానా దగ్గరికి పోయి తన ఊరేదో ఒప్పుకున్నాడు. ఒక చెక్క షెల్ఫు కావాలన్నాడు. సంగతి విని, గ్లాసులు యానా తానే మోసుకొచ్చింది, ఒక్కొక్కదాన్ని గుడ్డలో చుట్టి.

ఆ సాయంత్రం గోదావరిఖని పేరు ప్రకటించాక ప్రశాంత్ ప్రేక్షకులకు వీపు చూపించి నిలబడ్డాడు. నాట్యశాస్త్రం దీన్ని మెచ్చదు. చేతులు షెల్ఫు మీద కదలకుండా ఉన్నాయి, కాళ్లు మాత్రమే ఆడుతున్నాయి. మడమలు కొట్టినప్పుడల్లా వేదిక అదిరి గ్లాసులు గలగలమన్నాయి, చేతులు వాటిని ఆపాయి. పేలుడు వాడే, అడ్డం నిలిచిందీ వాడే. ముందు వరుసలో యానా తనకు తెలియకుండానే సగం లేచి రెండు చేతులూ చాచింది.

మర్నాడు మళ్లీ ఫోన్.

“ఒక్కటి గూడ పగల్లే బాపు.”

అవతల ఆగయ్య గొంతు తగ్గించాడు. “నువ్వు పోయినంక షిఫ్టు లేని రోజు షెల్ఫు నేనే పట్టుకుంటున్న. కప్పులు సగమే మిగిలినయి. మీ అమ్మ నన్ను వంట అర్రలకే రానిస్తలేదు. వచ్చినంక జర నాకు నేర్పు బిడ్డా.”