ఖాలా మెడలో నా పుస్తెలు

కడపలో ఖాలా పోయిందని మొన్న పొద్దున ఆమె కూతురు ఫోన్‌లో చెప్పింది. నిద్రలోనే పోయిందట. ఏడుస్తూ మెడలో పుస్తెల తాడు పట్టుకున్నాను. అంతలోనే నవ్వొచ్చింది.

రియాద్‌లో, మలాజ్ పేటలో మా ఎదురు తలుపు ఆమెది. ముస్లింల ఇళ్ళలో పిన్నిని ఖాలా అంటారు. జగిత్యాల నుంచి వచ్చిన నేనూ అలాగే పిలిచాను. నాకు చదువు తక్కువ, కొత్తవాళ్ళ ముందు గొంతు లేవదు. కూరగాయల కొట్లో నేను వేలు చూపిస్తే ఆమె బేరమాడేది. బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టి, "ఉప్పు సరిపోయిందా? తల ఊపొద్దు మే, నోటితో చెప్పు" అనేది.

ఒకసారి తలనొప్పికి స్కాన్ తీస్తే, నా మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బిందని తేలింది. పగలకముందే లోపల స్టెంటు పెట్టాలన్నారు. తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి వైరు తలదాకా పంపుతారట.

"సైకిల్ ట్యూబుకు బుగ్గ లేస్తే లోపల పట్టీ ఏసినట్లే మే" అంది ఖాలా.

కుటుంబాన్ని వెంట ఉంచుకుంటే తలకింతని సౌదీ సర్కారు లెవీ వేసిన కాలమది. మా బిల్డింగులో ఇళ్ళు ఖాళీ అవుతున్నాయి. అక్కడ ఉండనిచ్చే కార్డు, నా ఇకామా, గడువు దగ్గరపడింది. అది దాటితే ఇన్సూరెన్సూ ఉండదు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన రోజు తప్పితే మాకు మరో రోజు లేదు.

"నోరు నాది, తల నీది. పద" అని ఖాలా నాతో, మా ఆయనతో బయలుదేరింది.

లోపలికి తీసుకెళ్ళే ముందు మలయాళీ నర్సు ఒంటిమీద నగలన్నీ తీయమంది. గాజులు, మెట్టెలు తీశాను. పుస్తెల దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"నేను తియ్య ఖాలా. ఆయనకేమన్నయితే?"

"ఆయప్ప బయట సమోసా తింటాండాడు. ఏం కాదులే."

"మెడ బోసిగ ఉండొద్దు."

ఆలస్యమైతే ఇంకొకరిని తీసుకెళ్తామని నర్సు హెచ్చరించింది. ఖాలా నా ముఖంలోకి చూసి, మెడ చుట్టూ ఉన్న స్కార్ఫు వదులు చేసింది.

"పుస్తెలు మెడలో ఉండాల, అంతే కదా? నా మెడలో ఎయ్యి. నువ్వొచ్చేదాకా నీ మొగుడు నా పూచీ."

భయంలోనే నవ్వేశాను. నా చేతులతోనే ఆమె మెడలో వేశాను. కొక్కెం వదులుగా ఉందని తన స్కార్ఫు పిన్నీసు తీసి దానికి పెట్టుకుంది.

మెలకువ వచ్చేసరికి మంచం పక్కన ఖాలా ఉంది. నల్లటి అబాయా మీద నా పుస్తెలు వేలాడుతున్నాయి. చూసిన నర్సులు ముసిముసిగా నవ్వుకుంటున్నారు.

"ఇంద మే, నీ మొగుడు నీకే. నాకు ఇంట్లో ఒకడున్నాడు, చాలు."

ఆ తరువాత రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర ఒక్కరోజు కూడా తప్పకూడదన్నారు. ఖాలా రోజూ తలుపు తట్టి "మింగినావా?" అని అడిగేది. తల ఊపితే కదిలేది కాదు. "మింగిన ఖాలా" అని పైకి అనాలి. అలా అనీ అనీ నా గొంతు లేచింది.

చివరికి లెవీ వల్ల ఇంటికి పోయింది మేము కాదు, ఖాలావాళ్ళు. ఇక తిరిగి రాకుండా ఎగ్జిట్ వీసా మీద వెళ్తున్న రోజు పిన్నీసు ఇవ్వబోతే "ఉంచుకో, కొక్కెం ఇంకా వదులే" అంది.

అది ఇప్పటికీ నా పుస్తెల పక్కనే ఉంది. ఈ పొద్దున మాత్ర వేసుకుని, ఇప్పటికీ తాళం వేసి ఉన్న ఖాలావాళ్ళ ఎదురు తలుపు వైపు తిరిగి, "మింగిన ఖాలా" అన్నాను. నా గొంతు మెట్ల మీదుగా కిందిదాకా వెళ్ళింది.